పాత కారులో గ్యాసు కిట్టు: ఉంచితే లాభమా, తీయిస్తే లాభమా?

యార్డుకూ మిల్లుకూ గోదాముకూ మధ్య తిరిగే పాత కార్లలో ఎల్.పి.జి. కిట్టు బిగించినవి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అంబాసిడర్లు, మారుతి 800లు, ఓమ్నీలు, శాంట్రోలు, తొలినాళ్ల వేగన్ఆర్‌లు ఈ కోవలోనివి. పెట్రోలు ఖర్చు తగ్గించుకోవడానికి ఒకప్పుడు పెట్టించిన ఈ కిట్టును ఇప్పుడు ఉంచాలా, తీయించివేయాలా అన్న ప్రశ్న యజమానికి ముఖ్యంగా మూడు సందర్భాలలో ఎదురవుతుంది. ఒకటి, గ్యాసు ట్యాంకు పరీక్ష గడువు ముగిసినప్పుడు. రెండు, కారుకు 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషను పొడిగించుకోవలసి వచ్చినప్పుడు. మూడు, అలవాటైన గ్యాసు బంకు మూతపడినప్పుడు.

ఈ సందర్భాలలో సాధారణంగా వినిపించే వాదన ఒకటి ఉంది. కిట్టుకు అంత డబ్బు పోసిన తర్వాత తీసి పారేయడం నష్టం కదా అన్నదే అది. సరకు వ్యాపారంలో ఈ వాదన చెల్లదని వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. క్వింటాలు ఎంతకు కొన్నామన్నది గడిచిన మాట. ఇకపై ధర ఎటు పోతుంది, నిల్వకు ఎంత ఖర్చవుతుంది, సరకు నాణ్యం నిలుస్తుందా అన్నవే అమ్మకాన్ని నిర్ణయిస్తాయి. గ్యాసు కిట్టుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పెట్టిన సొమ్మును పక్కన ఉంచి, ఇక ముందు ఏడాదికి ఎంత మిగులుతుంది, దానికి ఎంత ఖర్చు, ఎంత బాధ్యత అన్నది చూడాలి. అయితే ఆ లెక్కకు పూనుకునే ముందు చూడవలసినవి కాగితాలు.

ముందు కాగితాలు

వాహనాలలో ఎల్.పి.జి. వాడకానికి మన దేశంలో చట్టబద్ధమైన ఏర్పాటు ఆలస్యంగా వచ్చింది. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. 2001లో వాహనాలలో ఎల్.పి.జి. వినియోగాన్ని క్రమబద్ధం చేసే ఉత్తర్వు వెలువడింది. అనుమతి పొందిన కిట్టును, అనుమతి పొందిన ట్యాంకుతో బిగించి, ఆ మార్పును రిజిస్ట్రేషను పుస్తకంలో నమోదు చేయించినప్పుడే అది చెల్లుబాటవుతుంది.

కనుక యజమాని మొదట నాలుగు విషయాలు సరిచూసుకోవాలి. ఆర్.సి.లో ఇంధనం గడిలో పెట్రోలుతో పాటు ఎల్.పి.జి. అని ఉన్నదా? కిట్టు అనుమతి పత్రం, బిగించినవారి సర్టిఫికెట్టు చేతిలో ఉన్నాయా? ట్యాంకు మీద తయారీ వివరాలు, పరీక్ష తేదీ గల ముద్ర చదవడానికి వీలుగా ఉన్నదా? బీమా పాలసీలో కిట్టు ప్రస్తావన, అంటే ఐ.ఎం.టి. 25 అనే ఎండార్స్‌మెంటు ఉన్నదా? ట్యాంకుకు 5 ఏళ్లకు ఒకసారి పీడన పరీక్ష చేయించాలి. గడువు దాటిన ట్యాంకుతో తిరుగుతుండగా ప్రమాదం జరిగితే బీమా సొమ్ము వస్తుందన్న భరోసా ఉండదు.

ఇంటి సిలిండరును డిక్కీలో పెట్టి నడిపే కార్ల విషయంలో లెక్కలు వేయవలసిన పనే లేదు. వాటిని వెంటనే తీయించాలి. వంటకు ఇచ్చే గ్యాసును వాహనానికి మళ్లించడం నిత్యావసర సరుకుల చట్టం కింద నేరం. అంతకు మించి అది ప్రాణాపాయం. ఇంటి సిలిండరు నిలువుగా నిలబెట్టి పై నుంచి ఆవిరి తీసుకునేందుకు చేసినది. కారు ట్యాంకు ద్రవాన్ని బయటకు పంపి, ఇంజను దగ్గరి వేపరైజరులో ఆవిరిగా మార్చే పద్ధతికి చేసినది. కారు ట్యాంకుకు ఉండే వాల్వు 80 శాతం నిండగానే గ్యాసును ఆపివేస్తుంది. గొట్టం తెగితే ప్రవాహాన్ని అరికడుతుంది. ఇంటి సిలిండరుకు ఈ రక్షణలు లేవు.

ఎల్.పి.జి. గాలి కంటే బరువైనది. కారిన గ్యాసు పైకి పోదు. నేల మీద, గుంతలలో, సెల్లారులో చేరి నిలుస్తుంది. దుకాణాల కింద సెల్లారులో కార్లు నిలిపే పట్టణ వర్తకులు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఆ కారు ఒక్క యజమానికే కాదు, పైన దుకాణాలు పెట్టుకున్న అందరికీ సంబంధించిన విషయం.

ధారణల మాట

కాగితాలు సక్రమంగా ఉన్నట్లయితే అప్పుడు ధరల సంగతి చూడవచ్చు. వంట గ్యాసుకు ఉన్నట్టు వాహన గ్యాసుకు రాయితీ లేదు. దాని ధర అంతర్జాతీయ మార్కెట్టును అనుసరించి సాగుతుంది. సౌదీ అరామ్‌కో ప్రతి నెలా ప్రొపేనుకు, బ్యూటేనుకు ప్రకటించే కాంట్రాక్టు ధర మన దిగుమతులకు ఆధారం. మన దేశం వాడే ఎల్.పి.జి.లో సగానికి మించి దిగుమతి సరకే. అందులో అధిక భాగం గల్ఫ్ నుంచి వచ్చేదే కాబట్టి హోర్ముజ్ జలసంధిలో అలజడి రేగితే ఆ ప్రభావం ఇక్కడి బంకు వరకు వస్తుంది. విశాఖపట్నంలో 2007లో సిద్ధమైన 60,000 టన్నుల భూగర్భ నిల్వ కేంద్రం ఈ దిగుమతి వ్యాపారానికి సంబంధించినదే.

ఈ సరకులో హెచ్చుతగ్గులు ఎంత తీవ్రంగా ఉంటాయో రెండేళ్ల అంకెలు చెబుతాయి. 2020 ఏప్రిల్‌లో టన్ను ప్రొపేను కాంట్రాక్టు ధర 230 డాలర్లు, బ్యూటేను 240 డాలర్లు. 2022 ఏప్రిల్‌లో అవే 940, 960 డాలర్లు. రెండేళ్లలో నాలుగు రెట్లు! చలి దేశాలలో ఇళ్లు వెచ్చబెట్టుకునే శీతాకాలంలో గిరాకీ పెరగడం, రూపాయి విలువ తగ్గడం కూడా ధరను పైకి నెట్టే కారణాలు. మన బంకులలో పెట్రోలు ధర నెలల తరబడి కదలకుండా ఉన్న సందర్భాలు ఉన్నాయి. అటువంటప్పుడు రెండింటి మధ్య తేడా పెరగడం, తగ్గడం అంతా గ్యాసు వైపు నుంచే జరుగుతుంది.

ఈ కారణంగా ఒక్క రోజు ధర చూసి కిట్టు ఉంచాలనో, తీయాలనో నిర్ణయించడం సరికాదు. గడచిన 12 నెలలలో తాము గ్యాసుకు చెల్లించిన సగటు ధరను, పెట్రోలు సగటు ధరను పక్క పక్కన పెట్టి చూడాలి. బిల్లులు దాచే అలవాటు వర్తకులకు ఉన్నదే కనుక ఇది కష్టమైన పని కాదు.

కిలోమీటరు లెక్క

గ్యాసు లీటరు ధరను పెట్రోలు లీటరు ధరతో నేరుగా పోల్చడం తూకం తెలియకుండా బస్తాలు లెక్కపెట్టడం వంటిది. లీటరు గ్యాసులో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే దాదాపు నాలుగో వంతు తక్కువ. గ్యాసు ఆక్టేను సంఖ్య ఎక్కువ కావడం వల్ల కొంత కలిసి వచ్చినా, మంచి స్థితిలో ఉన్న కారు కూడా గ్యాసు మీద 20 శాతం వరకు తక్కువ దూరం నడుస్తుంది. అందువల్ల మోటు లెక్క ఒకటి గుర్తుంచుకోవచ్చు: గ్యాసు ధర పెట్రోలు ధరలో 80 శాతానికి చేరితే ఇంధనంలో మిగులు సున్నా. దానికి ఎంత దిగువన ఉంటే అంత మేలు.

పట్టణాన్ని బట్టి ధరలు మారతాయి కనుక ఇక్కడ లెక్క తీరు తెలియడానికి గుండ్రని అంకెలు తీసుకుందాం. పెట్రోలు లీటరు రు. 110, గ్యాసు లీటరు రు. 65 అనుకుందాం. పాత కారు పెట్రోలు మీద లీటరుకు 10 కిలోమీటర్లు, గ్యాసు మీద 8 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. పెట్రోలు మీద కిలోమీటరుకు రు. 11, గ్యాసు మీద రు. 8.13. తేడా రు. 2.87. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు, గ్యాసు దొరకని చోట పెట్రోలు మీదనే నడపాలి. పది కిలోమీటర్లలో ఒకటి ఇలా పోతుందనుకుంటే సగటు మిగులు రు. 2.59.

ఇందులోంచి కిట్టు నిర్వహణ ఖర్చు తీసివేయాలి. వేపరైజరు డయాఫ్రములు, ఫిల్టరు, ప్లగ్గులు, ట్యూనింగుకు ఏడాదికి రు. 4,000, ఐదేళ్ల పరీక్ష ఖర్చులో ఏడాది వాటా రు. 1,000, బీమా అదనం వగైరా రు. 500 అనుకుంటే మొత్తం రు. 5,500. అంటే ఏడాదికి దాదాపు 2,125 కిలోమీటర్లు తిరిగేసరికి ఖర్చు వచ్చేస్తుంది. ఆపై తిరిగినదంతా మిగులు. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరిగే కారుకు నికరంగా రు. 10,000 మిగులుతుంది. ఇలాంటి కారు నుంచి కిట్టు తీయించడం తెలివైన పని కాదు.

ఇప్పుడు రెండు అంకెలు మారుద్దాం. గ్యాసు రు. 80కి పెరిగింది, దగ్గరి బంకు మూతపడి, పది కిలోమీటర్ల దూరంలోని మరో బంకుకు పోవలసి వచ్చింది. గ్యాసు మీద కిలోమీటరు ఖర్చు రు. 10, తేడా రూపాయి మాత్రమే. ఒకసారి నింపితే 45 లీటర్లు, అంటే 360 కిలోమీటర్ల నడక. అందులో 20 కిలోమీటర్లు బంకుకు పోయి రావడానికే సరి. ఆ రు. 200 భారాన్ని మిగిలిన 340 కిలోమీటర్ల మీద పంచితే కిలోమీటరుకు 59 పైసలు. మిగిలినది 41 పైసలు. చల్లని ఇంజను నడక తీసివేస్తే 37 పైసలు. ఇప్పుడు కిట్టు ఖర్చు రావాలంటే ఏడాదికి దాదాపు 15,000 కిలోమీటర్లు తిరగాలి. 6,000 కిలోమీటర్లు తిరిగే అదే కారుకు ఏడాదికి రు. 3,000 పైగా నష్టం.

అదే కారు, అదే కిట్టు, అదే యజమాని. ధర, దూరం అనే రెండు అంకెలు మారేసరికి లాభం నష్టమైంది. గ్యాసు బంకులు తగ్గుతున్న ప్రాంతాలలో రెండవ అంకె చాలా ముఖ్యం. ఒకే బంకు మీద ఆధారపడిన కారు, ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన సరకు వంటిదే.

ఇంజను స్థితి

కారు సరిగా నడవకపోతే నింద ముందు గ్యాసు మీదకే పోతుంది. ఇది అన్ని వేళలా న్యాయం కాదు. గ్యాసును మండించడానికి పెట్రోలు కంటే బలమైన నిప్పురవ్వ కావాలి. అరిగిన ప్లగ్గులు, పాతబడిన ప్లగ్గు వైర్లు పెట్రోలు మీద ఎలాగో నెట్టుకొచ్చినా గ్యాసు మీద బయటపడతాయి. కనుక మొదట చేయవలసిన పరీక్ష చాలా సులువు. అదే దారిలో ఒకసారి గ్యాసు మీద, ఒకసారి పెట్రోలు మీద నడిపి చూడాలి. రెండింటి మీదా తడబడితే దోషం కిట్టుది కాదు. గ్యాసు మీద మాత్రమే తడబడితే ప్లగ్గులు, వైర్లు, ఎయిర్ ఫిల్టరు, వేపరైజరు డయాఫ్రములు ఆ వరుసలో చూపించాలి. వీటికి అయ్యే ఖర్చు కిట్టు తీయించే ఖర్చు కంటే సాధారణంగా తక్కువే.

నిజంగా ఆలోచించవలసినది వాల్వు సీట్ల విషయం. పాత ఇంజన్లను సీసం కలిపిన పెట్రోలు కోసం రూపొందించారు. ఆ సీసం వాల్వులకూ సీట్లకూ మధ్య మెత్తలా పనిచేసేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. గ్యాసు మరింత పొడిగా మండుతుంది కనుక మెత్తని సీట్లు త్వరగా అరిగి, వాల్వు లోపలికి దిగిపోతుంది. దీనికి ఆనవాలు టాపెట్ గ్యాపు. సర్దిన ప్రతిసారీ, ముఖ్యంగా ఎగ్జాస్టు వాల్వుల వద్ద, గ్యాపు త్వరత్వరగా మూసుకుపోతుంటే సీట్లు అరుగుతున్నాయని గ్రహించాలి. ప్రతి 5,000 కిలోమీటర్లకు కొలత తీయించి రాసి ఉంచుకుంటే ఈ సంగతి హెడ్డు విప్పకుండానే తెలుస్తుంది.

అరుగుదల మొదలైన కారుకు రెండే దారులు. హెడ్డు విప్పి గట్టి సీట్లు వేయించడం లేదా గ్యాసు మానడం. తక్కువ తిరిగే కారుకు హెడ్డు పని ఖర్చును గ్యాసు మిగులు ఎన్నేళ్లలో తీరుస్తుందో పై లెక్క ప్రకారం చూసుకోవాలి. మూడేళ్లకు మించితే కిట్టుకు సెలవు చెప్పడమే మంచిది. అయితే కిట్టు తీసినంత మాత్రాన అరిగిన సీటు తిరిగి రాదు. సీసం లేని పెట్రోలు మీద కూడా పాత సీట్లు కొంత అరుగుతూనే ఉంటాయి.

పెట్రోలు వైపు మరచిపోరాదు

గ్యాసు తీయించినవారు కొందరు నెల తిరగకముందే చిక్కులలో పడతారు. కారణం పెట్రోలు వైపు ఏళ్లుగా చూడకపోవడమే. గ్యాసు మీదనే నడిచిన కారులో కార్బురేటరు ఎండి, జిగురు పట్టి ఉంటుంది. ట్యాంకు అడుగున తుప్పు, పాత పెట్రోలు ఉంటాయి. ఇంజెక్షను కారులో ట్యాంకులోపలి పంపు పెట్రోలు తక్కువగా ఉండగా పనిచేసి వేడెక్కి చెడిపోయి ఉండవచ్చు.

దీనికి తోడు ఇప్పటి పెట్రోలు ఒకప్పటి పెట్రోలు కాదు. 2022లో 10 శాతానికి చేరిన ఎథనాలు మిశ్రమం 2025 నాటికి 20 శాతానికి పెరిగింది. ఎథనాలు తేమను పీల్చుకుంటుంది. వాడకుండా ట్యాంకులో నిలిచిన పెట్రోలులో నీరు వేరుపడి అడుగున చేరవచ్చు. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు దీనికి ఓర్చుకోలేవు. ఎథనాలు లేని పెట్రోలుకు రూపొందించి, 10 శాతానికి సరిచేసిన కార్లకు 20 శాతం మిశ్రమం మీద మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. అందువల్ల లెక్కలో వేసుకునే పెట్రోలు మైలేజీ పదేళ్ల కిందటిది కాకుండా ఇప్పటి బంకు పెట్రోలుతో కొలిచినదై ఉండాలి. కిట్టు ఉంచుకునేవారు కూడా ట్యాంకులో పెట్రోలును ఏళ్ల తరబడి నిల్వ ఉంచక, వారానికి కొంత దూరం పెట్రోలు మీద నడపాలి.

నమూనా చూడకుండా సరకు కొనని వర్తకుడు ఇక్కడా అదే పద్ధతి పాటించవచ్చు. కిట్టు విప్పించక ముందే పెట్రోలు వైపు బాగు చేయించి, ఒక నెల పాటు పెట్రోలు మీదనే కారు నడిపి, ఖర్చు రాసుకోవాలి. ఆ ఖర్చు భరించగలిగినదని తేలితేనే కిట్టు విప్పించాలి. విప్పిన కిట్టును తిరిగి అనుమతితో బిగించడం చాలా ప్రయాసతో కూడిన పని.

తీయించే పద్ధతి

తీయించాలని నిశ్చయమైతే పూర్తిగా తీయించాలి. సగం పని అన్ని విధాలా చేటు. మొదట ట్యాంకులోని గ్యాసు అయిపోయేవరకు కారు నడపాలి. మిగిలిన కొద్ది గ్యాసును అనుభవం గల అధీకృత ఫిట్టరు చేతనే ఖాళీ చేయించాలి. ఇంటి ఆవరణలో వాల్వు తెరచి గాలిలోకి వదలరాదు. ట్యాంకుతో పాటు రాగి గొట్టం, వేపరైజరు, మిక్సరు, స్విచ్చి అన్నీ తీయించాలి. మిక్సరును వదిలేస్తే ఇంజనుకు గాలి తగ్గుతుంది. పెట్రోలు దారిలో పెట్టిన సోలినాయిడును వదిలేస్తే ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద కారు ఆగుతుంది. వేపరైజరుకు పోయే వేడినీటి గొట్టాలను సరిగా కలిపించాలి. గ్యాసుకు సర్దిన ఇగ్నిషన్ టైమింగును తిరిగి పెట్రోలుకు మార్పించాలి.

ఖాళీ ట్యాంకును పాత ఇనుము కింద తూకానికి అమ్మడం చాలా ప్రమాదకరం. లోపల మిగిలిన ఆవిరి గ్యాసు కట్టరు మంట తగలగానే పేలుతుంది. దానిని అధీకృత పరీక్షా కేంద్రానికి అప్పగించి రసీదు తీసుకోవాలి.

ఆ తర్వాత కాగితాల పని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం వాహనంలో మార్పు చేస్తే 14 రోజులలోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. ఆర్.సి.లో ఇంధనం పెట్రోలు మాత్రమే అని మారాలి. బీమా కంపెనీకి కూడా రాసి ఎండార్స్‌మెంటు తీయించాలి. లేకుంటే రిజిస్ట్రేషను పొడిగింపు వేళ పుస్తకంలో ఒకటి, కారులో మరొకటి ఉందన్న అభ్యంతరం వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన కార్ల పొడిగింపు రుసుము రు. 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో రు. 10,000 చేశారు. ఇంత రుసుము కట్టబోయే ముందే కిట్టు సంగతి తేల్చుకోవడం మేలు.

కంపెనీయే గ్యాసుతో తయారుచేసి అమ్మిన కార్ల సంగతి వేరు. 2006లో వచ్చిన వేగన్ఆర్ డ్యూయో ఇటువంటిది. వీటిలో ట్యాంకు, వైరింగు, కంప్యూటరు అన్నీ ఒకదానికొకటి సరిపడేలా అమర్చినవి. తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా మార్పు చేయడానికి చట్టం సులభంగా ఒప్పుకోదు. ఇటువంటి కారు గ్యాసు మీద గిట్టుబాటు కాకపోతే, ట్యాంకు పరీక్షలు మాత్రం సకాలంలో చేయిస్తూ పెట్రోలు మీద నడుపుకోవడం లేదా ఆ కారును అమ్మివేయడం మంచిది.

తేల్చుకునే తీరు

మొత్తం మీద ఈ కార్లను మూడు రాశులుగా విడదీయవచ్చు. ఆర్.సి.లో నమోదు కాని కిట్టు, ఇంటి సిలిండరు, తేదీ ముద్ర చదవరాని ట్యాంకు, పరీక్షలో నిలవని ట్యాంకు ఉన్నవి మొదటి రాశి. వీటికి బేరం లేదు. గ్యాసు ఎంత చవకైనా తీయించవలసిందే. కాగితాలు సక్రమంగా ఉండి, దారిలోనే బంకు ఉండి, ఏడాది పొడవునా గ్యాసు ధర పెట్రోలు ధరలో 65 శాతానికి లోపున ఉండి, ఏడాదికి 5,000 కిలోమీటర్లకు మించి తిరిగేవి రెండవ రాశి. వీటిలో కిట్టు ఉంచడమే లాభం.

మిగిలినవి మూడవ రాశి. నెలకు నాలుగు సార్లు బయటకు తీసే కారు, బంకు దూరమైన కారు, వాల్వు సీట్లు అరుగుతున్న కారు ఇందులోకి వస్తాయి. వీటికి పై లెక్క వేసి చూడాలి. మిగులు ఏడాదికి రెండు మూడు వేలకు మించనప్పుడు, దాని కోసం పరీక్షల గడువులు, డిక్కీలో పోయిన చోటు, సెల్లారులో భయం మోయడం గిట్టుబాటు కాదు. ట్యాంకు తదుపరి పరీక్ష తేదీయే వీటికి సహజమైన గడువు. ఆ పరీక్షకు డబ్బు కట్టే ముందు లెక్క వేసి, తీయించేదైతే అప్పుడే పూర్తిగా తీయించి, పుస్తకంలో మార్పు రాయించుకోవాలి.